ఓదార్పు వరసలో గొడుగులాయన

ఫిబ్రవరి 3

అత్తా,

చేరాను. ఒళ్ళు బాగానే ఉంది. ఇది మొదటి వాక్యంలో రాయకపోతే మిగతా ఉత్తరం నువ్వు చదవవని తెలుసు.

ముందు నా కోపం సంగతి. మన సంఘం పంపిన పెట్టెలు నా కళ్ళ ముందే విప్పారు. మూడో పెట్టెలో ఎత్తు మడమల చెప్పులు పదకొండు జతలు. ముళ్ళకంచె కింద దూరి వచ్చిన ఆడవాళ్ళకి! నాలుగో దాంట్లో కోట్లు తగిలించే హేంగర్లు. కోట్లు లేవు. పెట్టెలు సర్దే పుణ్యాత్ములందరినీ ఒక్క పూట సిమెంటు నేల మీద కూర్చోబెట్టు, ఏం పంపాలో వాళ్ళకే తెలిసొస్తుంది. నాకు కావలసినవి అరంగుళం వాషర్లు రెండు వందలు, టేపు చుట్టలు ఇరవై. ఆత్మలని తర్వాత రక్షించుకోవచ్చు, ముందు కుళాయి కారడం ఆగాలి.

ఈ శరణార్థుల శిబిరం పెట్టింది మూతపడ్డ నూలు మిల్లు గోదాములో. నూట పన్నెండు కుటుంబాలు. తాళ్ళ మీద దుప్పట్లు వేసి గదులు చేసుకున్నారు. దూలాల మీద ఏళ్ళనాటి నూలు పొట్టు పేరుకుని ఉంది. ఎవరు గట్టిగా దగ్గినా రాలుతుంది. పొద్దున్నే పగిలిన కిటికీల్లోంచి మంచు లోపలికొస్తుంది. మంచూ పొట్టూ కలిసిపోతే మనుషుల కాళ్ళు కనబడవు, తలలు మాత్రం తేలుతూ పోతుంటాయి. మొదటి రోజు నేనింకా లేవలేదేమో అనుకున్నాను.

ఇక్కడొక అలవాటుంది. కుళాయి దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళు ముందు ఆ పొద్దు కల చెబుతారు, తర్వాతే డబ్బా పెడతారు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. ఇల్లూ పనీ పోయాక చెప్పుకోవడానికి ఇంకేం మిగిలిందని. ఇక్కడ కుళాయి చూసుకునే పని నాది కాబట్టి అందరి కలలూ నా చెవినే పడుతున్నాయి.

ఒక మాట బాగా గుర్తుంచుకో. నువ్వు తయారుచేసే ప్రార్థన పత్రంలో ఎవరి పేరూ వేయకు, ఏ శిబిరమో వేయకు. పోయిన నెల ఒకడు చుట్టాన్నని ఉత్తరం రాసి, ఒక కుటుంబం ఎక్కడుందో తెలుసుకుని, తుపాకులు పట్టుకుని వచ్చాడట. అందుకని చేసే పనితోనే రాయి. ‘ఎదురుచూస్తున్నవారు’ వరసలో బొంతలావిడని చేర్చు. బొంతలు కుడుతుంది, ఆరేళ్ళ కూతురుంది. భర్త గొడుగులు బాగుచేస్తాడు. నాలుగు నెలల కిందట వంతెన దగ్గర మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ విడగొట్టారు. అప్పటినుంచి ఆయన జాడ లేదు. పరుపులో ఆయన పడుకునే పక్కని ఈవిడ ఇంకా ఖాళీగానే ఉంచుతోంది.

ఫోన్లు పనిచేయవు. పెట్టెల లారీ మీదే ఉత్తరాలు పంపు.

నీ మేనల్లుడు

—

ఫిబ్రవరి 9

చిటపటా,

ప్రభువు నిన్ను కాపాడుగాక, నీ నోటి నుంచి ఆ శిబిరాన్ని కూడా కాపాడుగాక.

నీ ఉత్తరం స్త్రీల కూటంలో పైకి చదివాను. పుణ్యాత్ముల దగ్గర ఆగి దగ్గాను, ఆ వాక్యం దాటేశాను. ఆ ఎత్తు మడమల్లో ఒక జత ఇచ్చినావిడ నా పక్కనే కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది మరి. తన పెళ్ళినాటి చెప్పులట. ఉన్నవాటిలో మంచివే ఇవ్వాలని ఇచ్చిందట. నువ్వు తిట్టేముందు ఈ సంగతి తెలుసుకోవాలని రాస్తున్నాను, అంతే.

వాషర్లు రెండు వందల యాభై పంపుతున్నాను. వాటి కోసం ప్రార్థన కూడా చేశాం. కారడం ఆగాక ఏది పనిచేసిందో నువ్వే చెప్పు.

బొంతలావిడని ఎదురుచూస్తున్నవారి వరసలో వేశాను. ఎప్పటిలాగే ఒక్కో పెట్టెలో ఒక్కో పత్రం పెట్టి ఏడు శిబిరాలకీ పంపుతాం. పక్కింటివాళ్ళు కూడా పట్టించుకోని రోజుల్లో, ఎక్కడో ఎవరో మన కోసం మోకరించారని తెలిస్తే ధైర్యంగా ఉంటుంది కదా. అడుగున మన సంఘం చిరునామా ఉంటుంది, నువ్వు చెప్పినట్టు పేర్లూ ఊళ్ళూ ఉండవు.

ఆ కలల సంగతి నాకు నచ్చింది. బట్టలు మడత పెడుతున్నా ఆ తేలే తలలే కనబడుతున్నాయి. ఇంకా రాయి. నీకేం కలలొస్తున్నాయి? చిన్నప్పుడు నిద్రలో కూడా ఎవరితోనో పోట్లాడేవాడివి.

అత్తయ్య

—

ఫిబ్రవరి 15

అత్తా,

కారడం ఆగింది. పనిచేసింది నా పానా. చెప్పులావిడకి మాత్రం క్షమించమని చెప్పు. ఆ చెప్పుల మడమలు కోసేసి, ఇక్కడ పిల్లలకి చదువు చెప్పే పంతులమ్మ అందరికీ పంచింది. ఇప్పుడు పదకొండుమంది వాటితోనే తిరుగుతున్నారు, బాగానే ఉన్నాయి.

పెద్ద వార్త. ఈ గోదాము మూసేస్తారట. మార్చి 22న బస్సులొచ్చి అందర్నీ సరిహద్దు అవతలికి తీసుకెళ్తాయి. అక్కడ నిజం గదులు, నిజం తలుపులు. కానీ ఒకసారి అటు దాటితే ఇటు రావడానికి కాగితాలివ్వరు, ఇటునుంచి ఇంకెవర్నీ తీసుకోరు. అందరూ జాబితాలో పేర్లు రాయించుకుంటున్నారు. బొంతలావిడ రాయించుకోలేదు. ‘ఆయన వచ్చేసరికి ఇక్కడ ఎవరూ లేకపోతే ఎవర్ని అడుగుతాడు’ అంటుంది. జాబితా రాసే అధికారి నవ్వాడు. ఆ నవ్వు చూసి వాడి కుర్చీ తన్నేద్దామనుకున్నాను. పంతులమ్మ నా చొక్కా పట్టుకుంది.

ఇవాళ పొద్దున మంచు మరీ చిక్కగా ఉంది. ఆవిడ కుళాయి దగ్గర చెప్పింది. వంతెన కింద నీళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆయన గొడుగు మూసి, నీళ్ళు దులిపి, ఒడ్డున జాగ్రత్తగా పడుకోబెట్టాడు, పిల్లని పడుకోబెట్టినట్టు. తర్వాత నీళ్ళలోకి నడిచాడు. ఛాతీ దాకా మునిగాక ఒకసారి తిరిగి చూశాడు. ఇంక లేడు. ఇది చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు కూడా మారలేదు. డబ్బా నింపుకుని మంచులోకి వెళ్ళిపోయింది. నేను కుళాయి కట్టడం మరిచిపోయాను.

లారీవాడు కేకేస్తున్నాడు, ఇక్కడికి ఆపుతున్నాను.

నీ మేనల్లుడు

—

ఫిబ్రవరి 20

నా తండ్రీ,

నీ ఉత్తరం చదవలేకపోయాను. నీళ్ళ సంగతి దగ్గర ఆగి సంఘ పెద్ద చేతికిచ్చాను. ఆయన చదివాడు. తర్వాత అందరం లేచి నిలబడ్డాం.

పాపం, నాలుగు నెలలు పక్క ఖాళీగా ఉంచుకుని కూర్చున్న మనిషికి ఆ వార్త ఎవరు తెచ్చారో. నీళ్ళలోకి నడిచేలా ఆయన్ని ఎవరు తరిమారో. ఇవన్నీ అడగను. బొంతలావిడని ఎదురుచూస్తున్నవారి వరస నుంచి తీసి ‘దుఃఖంలో ఉన్నవారు’ వరసలో వేశాను. ఇలా రాశాను: ‘గొడుగులు బాగుచేసే భర్తను వంతెన దగ్గర నీళ్ళలో పోగొట్టుకున్న బొంతలావిడకూ, ఆమె చిన్న కూతురికీ ప్రభువు ఓదార్పు కలుగును గాక.’ మొత్తం అరవై పెట్టెలు నిన్ననే బయలుదేరాయి.

ఆడవాళ్ళందరం కలిసి ఆవిడకొక నల్ల శాలువ పంపుతున్నాం. ఎత్తు మడమలావిడే కొన్నది. నువ్వే దగ్గరుండి ఇవ్వు. మెత్తగా మాట్లాడు. నీకు రాదు, ప్రయత్నించు.

అత్తయ్య

—

ఫిబ్రవరి 26

అత్తా,

అది కల.

మళ్ళీ రాస్తున్నాను, అది కల. కుళాయి దగ్గర చెప్పేవన్నీ కలలేనని మొదటి ఉత్తరంలోనే రాశాను కదా. ఆయన పోయాడని ఎవరూ చెప్పలేదు. ఏ వార్తా రాలేదు. బతికున్న మనిషిని చంపేసి మీరందరూ లేచి నిలబడ్డారు. నాకొక ముక్క రాసి అడగడానికి ఏమైంది నీకు? నీ ప్రార్థనలకి అంత తొందరేమిటి?

నీ ఉత్తరం కంటే ముందే పెట్టెలు విప్పారు. పంతులమ్మ ఎప్పటిలాగే పత్రం పైకి చదివింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. నేను పైపు మీద కూర్చుని ఉన్నాను, కిందికి దూకేసరికే బొంతలావిడ లేచి నిలబడింది. నేను వంద రకాలుగా చెప్పాను. మా అత్త పొరపాటు పడింది, నేను సరిగ్గా రాయలేదు, అది నీ కలేనమ్మా అని. ఆవిడ నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

‘నేను కలగన్నది నాకు తెలుసు. ఎక్కడో ఉన్న మీ అత్తకెలా తెలిసింది? అంతమంది మోకరించి చెప్పారంటే, తెలిసే చెప్పుంటారు’ అంది.

ఆ సాయంత్రమే పరుపు మధ్యకి జరిగి పడుకుందట. మర్నాడు వెళ్ళి బస్సు జాబితాలో రెండు పేర్లు రాయించింది. అధికారి ఈసారి నవ్వలేదు. ఇప్పుడు కుళాయి దగ్గరికి వస్తుంది కానీ కలలు చెప్పదు. రావట్లేదంటుంది. శాలువ నా మంచం కింద ఉంది, నేనివ్వను.

ఈ పెట్టెల సంగతీ పత్రాల సంగతీ అన్నీ మంచి మనసుతోనే చేస్తారు మీరు. నాకు అదే మండుతుంది. చెడ్డ మనసుతో చేసుంటే హాయిగా తిట్టేవాణ్ణి.

మేనల్లుడు

—

మార్చి 3

చిటపటా,

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. నేనొక్కదాన్నే చదివాను, నాలుగుసార్లు.

నా తప్పే. నీకొక ముక్క రాసి అడగాలని తోచలేదు. నీళ్ళు తెల్లగా ఉన్నాయని నువ్వు రాస్తే, నాకు కూడా తెల్లగానే కనబడ్డాయి. చూసినదాన్ని ఎలా అనుమానించను?

తర్వాతి పెట్టెల్లో పెట్టాల్సిన పత్రాలు ఆపించాను. ఇంతలో నిన్న ఈ ఉత్తరం వచ్చింది. ఉన్నదున్నట్టు నకలు రాస్తున్నాను.

‘అమ్మగారికి. మీ పెట్టెలో వచ్చిన కోటు జేబులో మీ కాగితం దొరికింది. అందులో మీరు ఓదార్చమని దేవుణ్ణి అడిగిన బొంతలావిడ నా భార్య అయుండాలి. గొడుగులు బాగుచేసేవాడికి బొంతలు కుట్టే భార్య, చిన్న కూతురు, వంతెన. ఇన్ని కలిసిన వాళ్ళు ఇంకొకరు ఉండరు. నేను నీళ్ళలో పోలేదు. నాకు ఈత వచ్చు. మీరందరూ నా కోసం పడిన బాధకి రుణపడి ఉంటాను, కానీ దయచేసి ఓదార్పు ఆపి, ఆవిడ ఎక్కడుందో చెప్పండి. నేను వెళ్తాను.’

ఆయన శిబిరం మనకి ఒక పగలు ప్రయాణం. వెంటనే నీ చిరునామా రాసిద్దామని కలం తీశాను. తీసి, ఆగాను. నువ్వే చెప్పావు కదా, చుట్టాన్నని రాసినవాడి సంగతి. పత్రంలో ఉన్న ముక్కలన్నీ కలిపి ఎవరైనా ఈ ఉత్తరం రాయొచ్చు. ఒకసారి తెలియక తప్పు చేశాను. ఈసారి తెలిసి చేయను. ఆవిణ్ణి అడుగు, ఆయనకి మాత్రమే జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి చెప్పమను.

ఆశపెట్టకుండా అడగగలవా? నాకు చేతకాదు, అందుకే నీకు అప్పజెబుతున్నాను.

అత్తయ్య

—

మార్చి 8

అత్తా,

ఆశపెట్టకుండా అడిగాను. అంటే మొద్దులాగా అడిగాను. ‘ఎవడో ఒకడు నీ మొగుణ్ణంటున్నాడు, నమ్మొద్దు, ఒక ప్రశ్న చెప్పు’ అన్నాను.

ఆవిడ చేతిలో బొంత ఉంది. సూది ఆగలేదు. వరసగా పది కుట్లు వేశాక అంది, ‘మా కొట్టు ముందు వేలాడగట్టే పెద్ద గొడుగు ఏ రంగు అని అడుగు’ అని.

‘జవాబేంటి?’ అన్నాను.

‘అది నీకెందుకు? అక్కడివాళ్ళు ఏం చెబితే అది, చెప్పింది చెప్పినట్టు నాకు తెచ్చివ్వు. తీర్పు నేను చెప్పుకుంటాను.’

ఇంత జరిగాక కూడా నా మీద నమ్మకం లేదు. ఒళ్ళు మండింది. పోనీ అని పాపని అడిగాను. ఆ పిల్ల గోదాము చివర పొట్టులో వేలితో ఇళ్ళు గీస్తోంది. ‘మీ కొట్టు గొడుగు ఏ రంగే?’ అంటే తల కూడా ఎత్తకుండా ‘ఎరుపు’ అంది. ‘వానలో దాని కిందికెళ్తే అందరూ ఎర్రగా అయిపోతారు. నేను కూడా’ అంది.

కాబట్టి జవాబు ఎరుపు. ఎరుపంటే ఆయనకి నా చిరునామా ఇవ్వు. ఇంకేదైనా అంటే వాడు దొంగ, ఒక్క ముక్క కూడా రాయకు. వాడి ఉత్తరం పొయ్యిలో పెట్టు. బస్సు 22న.

నీ మేనల్లుడు

—

మార్చి 16

చిటపటా,

జవాబు వచ్చింది. ఆకుపచ్చ అట.

‘ఆకుపచ్చ. పెళ్ళైన ఏడు నేనే స్వయంగా గుడ్డ కొని వేశాను. కాదని ఎవరైనా అంటే కళ్ళు కడుక్కోమనండి’ అని రాశాడు. ఎంత ధీమాగా రాశాడో చూడు. మొదటి ఉత్తరంలో ఈత వచ్చు అన్న మాట చదివినప్పటినుంచీ నేను ఆయన్ని నమ్మేశాను. కాఫీ కలుపుకుంటూ ఆయనతో మాట్లాడుకున్నాను కూడా. అబద్ధం చెప్పేవాడికి అంత మంచి మాట ఎలా దొరుకుతుందో తెలీదు.

నువ్వన్నట్టే చేశాను. ఏమీ రాయలేదు. ఉత్తరాలు మాత్రం పొయ్యిలో పెట్టలేకపోయాను, బీరువాలో ఉన్నాయి.

ప్రార్థన పత్రం ఇక నేను రాయనని సంఘ పెద్దతో చెప్పాను. ఎవరూ నన్నేమీ అనలేదు. అదే కష్టంగా ఉంది. ఆవిడకి బస్సు ఎక్కేముందు తినడానికి ఏదైనా కట్టివ్వు.

అత్తయ్య

—

మార్చి 21

అత్తా,

ఇది చదవగానే లేచి చెప్పులేసుకో. మిగతాది దారిలో చదువు.

ఆయన దొంగ కాదు. దొంగని నేనే, పిల్లని అడిగి జవాబు కొట్టేసినవాణ్ణి.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. బొంతలావిడ మూటలు కట్టేసింది. తాళ్ళ మీది దుప్పట్లన్నీ దింపేశారు. గోదాము అంతా ఒకటే గది అయిపోయి, ఆ చివర నిలబడ్డవాళ్ళు ఎక్కడో వేరే ఊళ్ళో ఉన్నట్టు కనబడుతున్నారు. నేను వెళ్ళి, వాడు మోసగాడే, ఆకుపచ్చన్నాడు అని చెప్పాను. ఓదారుద్దామని.

ఆవిడ కింద కూర్చుంది.

‘మళ్ళీ చెప్పు’ అంది.

‘ఆకుపచ్చ. కాదన్నవాళ్ళని కళ్ళు కడుక్కోమన్నాడు.’

‘ఆ మాట కూడా అన్నాడా’ అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది అత్తా. ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటేనట. పుట్టుకతోనే. ఎర్ర గొడుక్కి ఆకుపచ్చ అతుకు వేసి ఎంతమందితో తిట్లు తిన్నాడో లెక్కలేదట. ఆ పెద్ద గొడుగు గుడ్డ కొన్నప్పటినుంచీ ఇంట్లో అదే గొడవట, ఒక్కసారి కూడా తగ్గలేదట. ‘ఎరుపని సరిగ్గా చెప్పేవాడు లోకంలో ఎవడైనా ఉంటాడు. ఆకుపచ్చని పోట్లాడేవాడు ఆయనొక్కడే’ అంది. అందుకే నాకు జవాబు చెప్పలేదు. నేను ముందే అడిగి, తెలిసిపోయిందనుకుని, నీ చేత తలుపు మూయించాను.

ఇంకో మాట. నేను కలని వార్తలాగా రాశాను. మళ్ళీ చూసుకుంటే ‘కల’ అన్న ముక్క ఆ పేరాలో ఎక్కడా లేదు. నీకు తెల్లగా కనబడిందంటే కనబడదూ మరి. నిన్ను అన్నవన్నీ నాకు నేను అనుకోవలసినవి. పత్రం మానకు. ఎవరు మానినా నువ్వు మానకు. ఆ కాగితం లేకపోతే ఆయన ఇంకా కోటు జేబులు వెతుక్కుంటూనే ఉండేవాడు.

ఆవిడ జాబితాలో రెండు పేర్లూ కొట్టించేసింది. రేపు బస్సులు వెళ్ళిపోతాయి. నీళ్ళు కట్టేసి తాళం ఇచ్చి పొమ్మన్నారు నన్ను. పెద్ద వాల్వు బిగుసుకుపోయింది, నెలాఖరు దాకా తిరగదు, నీళ్ళు ఆగకుండా తాళం వేస్తే గోదాము మునుగుతుంది అన్నాను. దాన్ని బిగించింది నేనే అనుకో. అధికారి నా మొహం చూశాడు, వాల్వు వంక చూశాడు, గడువు కాగితం మీద సంతకం పెట్టాడు. అంటే 31 దాకా మేం ముగ్గురం ఇక్కడ ఉంటాం. ఆ లోపల ఆయన రాకపోతే ఆవిడకి అటు ఇల్లూ లేదు, ఇటు మనిషీ లేడు. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు. తెలిసే పరుపు పరిచింది.

పంపించు అత్తా. ఉత్తరం రాసి కూర్చోకు.

నీ చిటపట

—

మార్చి 26

చిటపటా,

ఉత్తరం రాసి కూర్చోలేదు. నువ్వు చెప్పినట్టే చెప్పులేసుకుని లేచాను. సంఘ పెద్ద కారు తీయమన్నాను. ‘ఎక్కడికి’ అంటే ‘మనం చంపినాయన దగ్గరికి’ అన్నాను. పాపం, వెంటనే తాళాలు తీశాడు.

గొడుగులాయన శిబిరం గేటు దగ్గర విరిగిన కుర్చీ మీద కూర్చుని ఎవరిదో గొడుక్కి తీగ వంచుతున్నాడు. నేను ఫలానా అని చెప్పాను. లేచి నిలబడి, ‘మీరేనా అమ్మా’ అని, నన్ను కింది నుంచి పైదాకా చూసి, ‘పది రోజులుగా ఆకుపచ్చకి బదులు రాలేదేమిటి’ అని పోట్లాటకి దిగాడు. ఆ పోట్లాట విన్నాక ఇంక ఏ రుజువూ అడగాలనిపించలేదు. క్షమించమని అడుగుదామని దారిలో వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్కటీ గుర్తురాలేదు. చేయి పట్టుకున్నాను. చేయి వెచ్చగా ఉంది. అన్నాళ్ళు మేం ఆ చేయి కోసం ఏడ్చాం.

నా మోకాలు ఇంతకంటే దూరం రానంటోంది. సంఘ పెద్ద ఆయన్ని రొట్టెల బండి ఎక్కించి మీ వైపు పంపుతున్నాడు. చిరునామా కాగితం మీద పెట్టలేదు, నీ నియమం ప్రకారం. చెవిలో చెప్పాను. నువ్వు ఆయన్ని గుర్తుపట్టడానికి మాత్రం ఈ ఉత్తరం ఆయనకే ఇస్తున్నాను, ‘కుళాయి దగ్గర చిరాకుగా నిలబడ్డ కుర్రాడి చేతికివ్వండి’ అని.

అంటే ఇది నీ చేతికి ఇచ్చిన మనిషే ఆయన. నువ్వు చదివినంతసేపూ ఎదురుగా నిలబడి ఉంటాడు, నోరు తెరిచి అడగడానికి భయపడుతూ.

ఇంకా చదువుతున్నావా? తల ఎత్తు. వెళ్ళి ఆవిణ్ణి పిలువు.

అత్తయ్య